అచ్చుల మేస్త్రి ముఖం

మా కళల కాలేజీలో ఆయన్ని అందరూ అచ్చుల మేస్త్రి అనేవారు. జీతాల పుస్తకంలో మాత్రం ‘అటెండరు, శిల్ప విభాగం’ అని ఉండేది. పొట్టి మనిషి, బక్కపలచన. కనుబొమల్లో, చెవుల వెనక, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి. ఎంత రుద్ది కడుక్కున్నా పోయేది కాదు. ‘మా ఆవిడ నన్ను గడప బయటే నిలబెట్టి, చాపను దులిపినట్టు దులిపి లోపలికి రానిస్తుంది’ అని నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. ఆ దగ్గు తగ్గేదాకా మేం మాట ఆపి నిలబడేవాళ్ళం.

పందొమ్మిదేళ్ళప్పుడు నీళ్ళు మోసే పనికి చేరాడట. అప్పట్లో అక్కడ ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. ఆయన పక్కన బకెట్టు పట్టుకుని నిలబడి, చూసి చూసి ఈయన పని నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ముసలాయన చెయ్యి వణకడం మొదలుపెట్టాక ఆ పని ఈయన చేతిలోకి వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు తెల్ల బొమ్మల హాలే ఆయన లోకం.

కాలేజీ కట్టించిన దొరలు తమ దేశంలోని రాతి విగ్రహాలకు ప్లాస్టరుతో పోతపోసిన నకళ్ళను వందేళ్ళ కిందట ఓడల్లో తెప్పించి ఆ హాల్లో నిలబెట్టారు. కండలు తిరిగిన మగవాళ్ళు, బట్టల్లేని ఆడవాళ్ళు, ఒక గుర్రం తల. మొదటి సంవత్సరం పిల్లలందరూ వాటి ముందు బల్లలు వేసుకుని ముక్కులు, చెవులు, మడమలు గీయాల్సిందే. వాటికి దెబ్బ తగలని వారం ఉండేది కాదు. ఎవరి బల్ల అంచో తగిలి వేలు రాలుతుంది. ఎవడో పరీక్ష తప్పిన కోపంలో గడ్డం మీద గుద్దుతాడు. మేస్త్రి ఆ ముక్కను వెతికి, దాని స్థానంలో అతికించి, గరుకు కాగితంతో రుద్ది, అతుకు కనబడకుండా చేసేవాడు. ముక్క దొరక్కపోతే కొత్తది పోసేవాడు. ఆయన గదిలో ఒక బిస్కెట్ల డబ్బా నిండా ముక్కులే. ‘యుద్ధంలో కూడా ఇన్ని ముక్కులు పోయుండవమ్మా’ అనేవాడు.

రుద్దినప్పుడల్లా లేచిన పొడి ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూతికి గుడ్డ కట్టుకోమని డాక్టరు చెప్పాడు. గుర్తున్నప్పుడు కట్టుకునేవాడు. కాలేజీ వెనక నీళ్ళ ట్యాంకు పక్కనే రెండు గదుల క్వార్టరు. భార్య చిన్నపిల్లల స్కూల్లో ఆయా. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది.

మేం రెండో సంవత్సరంలో ఉండగా కొత్త మేడమ్ వచ్చారు. విదేశంలో చదివి వచ్చిన మనిషి. ఆవిడతోపాటే కొత్త పేపరూ వచ్చింది: ‘కళల్లో వైవిధ్యం, వలస పాలన తర్వాతి చూపు’. అంత పేరుకు నోరు తిరగక మేం ‘వలస పేపరు’ అనేవాళ్ళం. మొదటి క్లాసుకే మమ్మల్ని తెల్ల బొమ్మల హాల్లోకి తీసుకెళ్ళి, ఒక విగ్రహం ముక్కు మీద వేలు పెట్టి, “ఈ ముక్కే అందమైనదని మీకు ఎవరు చెప్పారు?” అని అడిగారు. నాకు ఆ రోజు తల తిరిగిపోయింది. అద్దంలో నా చప్పిడి ముక్కు చూసుకుని ఏడ్చిన రోజులున్నాయి నాకు. ఆవిడ మంచి టీచరు. జరిగినదంతా జరిగాక కూడా నేను ఈ మాట వెనక్కి తీసుకోను.

హాలు వెనక ఒక స్టోరు గది ఉందనీ, అందులో ఇంకొన్ని ముఖాలున్నాయనీ ఆవిడ పాత పుస్తకాల్లో చదివారు. తాళంచెవి మేస్త్రి దగ్గరే ఉంది. ఆయన తలుపు తీసి లైటు వేశాడు. చెక్క అరల మీద గడ్డి పరిచి, వెల్లకిలా పడుకోబెట్టిన ఇరవై మూడు ముఖాలు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. అవి మనవాళ్ళ ముఖాలు. బరువులు మోసేవాళ్ళు, చాకలివాళ్ళు, అడవి మనుషులు, ఒక ఆడమనిషి, మీసం రాని ఇద్దరు. బతికున్న మనుషుల ముఖాల మీద తడి ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక ఊడదీసిన అచ్చుల్లోంచి పోసినవి. ఏ జాతి బుర్ర ఎంత ఉంది, ఏ ముక్కు ఎంత వెడల్పని కొలవడానికి దొరల కాలంలో ఒక పండితుడు చేయించాడట. పక్కనే ఒక రిజిస్టరు. దాంట్లో అంకెలు, చేసే పని, కొలతలు ఉన్నాయి. పేర్లు లేవు.

“వీటిని ఇలా ఎవరు పడుకోబెట్టారు?” అని మేడమ్ అడిగారు.

“నేనేనండి. నేను వచ్చేటప్పటికి గోడకు మేకులు కొట్టి వేలాడదీసున్నాయి. మెడకు అంకె చీటీ. చూడలేకపోయాను” అన్నాడు మేస్త్రి. తొమ్మిదో ముఖాన్ని రెండు చేతుల్తో ఎత్తి మాకు చూపించాడు. “ఇదిగో, ఈ పెదాల మధ్య చూడండమ్మా. గీత తిన్నగా లేదు. ప్లాస్టరు మందు గట్టిపడుతుండగా ఈయన ఏదో చెప్పబోయాడు. నోట్లోకి పోయింది.”

“ఏం చెప్పబోయాడో?” అంది మాలో ఒకమ్మాయి.

“ఊపిరాడట్లేదని చెప్పుంటాడు. ఇంకేం చెప్తాడు?”

ఇక్కడిదాకా రాసి చదువుకుంటే నాకొకటి కనబడింది. మేడమ్‌ని ‘అడిగారు’ అని రాశాను, మేస్త్రిని ‘అన్నాడు’ అని. ఇలా రాయమని ఎవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే రాసింది. కొట్టేయను, రాసింది ఉండనీ. ఇక్కడినుంచి మారుస్తాను.

ఆ ముఖాలతో ప్రదర్శన పెట్టాలని మేడమ్ అనుకున్నారు. రెండు నెలలు అదే మా చదువు. ఒక్కొక్కరికీ ఒక్కో ముఖం. ఆ మనిషి ఎవరై ఉండొచ్చో, ఎక్కడినుంచి తెచ్చుంటారో పాత కాగితాలు తిరగేసి రాయాలి. అప్పుడే ఒక రోజు క్లాసులో నేను లేచి, “ఇరవై నాలుగోది మేస్త్రిగారి ముఖం తీస్తే ఎలా ఉంటుంది మేడమ్? ఈసారి అడిగి, ఒప్పించి, పేరు రాసి” అన్నాను. క్లాసంతా చప్పట్లు. మేడమ్ నా భుజం తట్టారు. నాకు రెక్కలొచ్చినట్టయింది.

అందరం ఆయన గదికి వెళ్ళాం. విని ఆయన నవ్వి, దగ్గి, మూతి తుడుచుకున్నారు.

“నా మొహమా? దీన్ని చూడ్డానికి జనాలొస్తారా? నాకు కొంచెం ఆయాసం కదా మేడమ్, అంతసేపు ముక్కులో గొట్టాలతో...”

“బలవంతం ఏమీ లేదు మేస్త్రిగారూ. ఇష్టం లేకపోతే వద్దు” అన్నారు మేడమ్. ఆవిడ నిజంగానే అన్నారు. కానీ ఆవిడ వెనక మేం ఇరవై ముగ్గురం తలుపు నిండా నిలబడి ఆయన వైపే చూస్తున్నాం.

ఆయన మమ్మల్ని చూసి, “సరే, పిల్లలు ముచ్చటపడుతున్నారు” అన్నారు. మళ్ళీ ఆయనే, “పళ్ళ డాక్టర్లు వాడే మెత్తటి మందు ఒకటుందట. చల్లగా ఉంటుంది, ఐదు నిమిషాల్లో ఊడొస్తుంది. దాంతో తీద్దామా?” అని అడిగారు.

“అప్పుడు వాళ్ళకెలా చేశారో అలాగే చెయ్యాలి మేస్త్రిగారూ. లేకపోతే అర్థమే ఉండదు” అన్నాడు మాలో అందరికంటే ఎక్కువ చదివే కుర్రాడు. మేం తలూపాం. మేడమ్ ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆయనా ఊరుకున్నారు.

ఒప్పుకున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. రెండు పేజీల ఇంగ్లీషు ఫారం. ‘మామూలు ఫారమేనండి’ అని ఆఫీసు గుమాస్తా చెప్తే ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టారు.

ఆ రోజు ఇంట్లో ఏమైందో వాళ్ళావిడ తర్వాత నాకు చెప్పింది. “ముప్ఫై నాలుగేళ్ళు ఆ పొడి లోపలికి పీల్చింది చాల్లేదా, ఇప్పుడు మొహానికి కూడా పూయించుకుంటావా అని అడిగానమ్మా. ‘ఎప్పుడూ ఎవరూ నన్ను ఏమీ అడగలేదే, మొదటిసారి అడిగారు’ అన్నాడు. ఇంకేమంటాను?”

పని ఎలా చెయ్యాలో మాకు ఆయనే నేర్పారు. నీళ్ళలోకి పొడి చల్లాలి గానీ పొడిలోకి నీళ్ళు పోయకూడదు. మొదటి పూతలో బట్టల నీలిమందు కలపాలి. తర్వాత ఆ అచ్చులో బొమ్మ పోసి, ఉలితో అచ్చును పగలగొట్టేటప్పుడు నీలం కనబడితే ముఖం దగ్గరికొచ్చామని గుర్తు. త్వరగా గట్టిపడాలంటే చిటికెడు ఉప్పు. “చిటికెడే. ఎక్కువైతే పొయ్యిలా కాలుతుంది.” ముఖం మీద మందు ఉన్నంతసేపూ మాట్లాడలేరు గనక కుడిచేతి చూపుడువేలు ఎత్తితే ఆపెయ్యాలని ఆయనే గుర్తు పెట్టారు. కలపడం నా వంతు.

ఉదయం పది గంటలకు హాలు మధ్యలో బల్ల మీద పడుకున్నారు. ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. జుట్టుకు గుడ్డ కట్టాం, కనుబొమలకు వాసెలిన్ రాశాం, ముక్కులో రెండు గొట్టాలు పెట్టాం. కెమెరా ఆన్ చేశారు. మేడమ్ పక్కనే నిలబడి, ఆ కాలంలో ఈ పని ఎందుకు చేశారో, ఇప్పుడు మనం ఎందుకు చేస్తున్నామో చెప్పడం మొదలుపెట్టారు. నీలం పూత పడింది. ఆయన గుండె పైకీ కిందికీ గబగబా కదులుతోంది. గొట్టాల్లోంచి సన్నగా ఈల వినిపిస్తోంది. నాకు భయమేసింది. ఎంత త్వరగా గట్టిపడితే అంత త్వరగా ఈయన లేస్తారు అనుకుని రెండో బకెట్లో ఉప్పు వేశాను. చిటికెడు కాదు. గుప్పెడు.

నాలుగైదు నిమిషాలకే ప్లాస్టరు బిగుసుకుంది. మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఒక గొట్టంలోంచే ఈల వినిపిస్తోంది, రెండోదాంట్లో ఆగిపోయింది. అప్పుడు ఆయన కుడిచేతి చూపుడువేలు లేచింది. బల్ల మీదినుంచి బెత్తెడు లేచి, అలా నిలబడి, మేడమ్ గొంతు ఇంకా వినిపిస్తుంటే మెల్లగా దిగిపోయింది.

నేను చూశాను. కెమెరా వెనకున్నవాడు చూడలేదు, మేడమ్ చూడలేదు. దించేశారు కదా, పరవాలేదేమో అనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానో ఇన్నేళ్ళకీ నాకు తెలీదు. ఒక నిమిషం గడిచిందో, రెండో. ఆయన కాళ్ళు తన్నుకోవడం మొదలయ్యాక అందరం ఒక్కసారిగా మీద పడ్డాం.

అచ్చు ఊడి రాలేదు. గోళ్ళతో అంచులు పట్టి లాగాం. నుదుటి దగ్గర రెండు ముక్కలై ఊడింది. దాంతోపాటే కనుబొమల వెంట్రుకలు, ఎడమ చెంప మీది చర్మం కొంత వచ్చాయి. ముఖం నీలం, ఎరుపు. నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడుతున్నారు గానీ గాలి లోపలికి పోవడం లేదు. మేడమ్ ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, “ఆంబులెన్స్! ఎవరైనా ఫోన్ చెయ్యండి!” అని అరుస్తున్నారు. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ముఖం మీద కాలిన గాయాలు మానాయి, మచ్చలు మిగిలాయి. ఊపిరితిత్తులు మాత్రం అంతకుముందే సగం పోయున్నాయనీ, ఈ దెబ్బతో ఇంకా కుంగిపోయాయనీ డాక్టర్లు అన్నారు. కాలేజీ ముగ్గురితో కమిటీ వేసింది. ఆయన తన ఇష్టంతో పాల్గొన్నారనీ, సంతకం ఉందనీ, ఆయాసం ముందునుంచీ ఉన్నదేననీ తేల్చింది. మేడమ్ అభ్యంతరం చెప్పారట, కానీ ఆఖరికి ఆవిడా సంతకం పెట్టారు. ఉప్పు సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

అచ్చు ఉండిపోయింది, రెండు ముక్కలుగా. దాన్నేం చెయ్యాలని క్లాసులో పెద్ద చర్చ నడిచింది. పారెయ్యాలన్నవాళ్ళు ఆరుగురు. జరిగినదాన్ని దాచడం కూడా అన్యాయమేనన్నారు మిగతావాళ్ళు. నేను ఆ మిగతావాళ్ళలో ఉన్నాను. ఆయన లేకుండానే పోశాం, ఆయన లేకుండానే ఉలితో పగలగొట్టాం. ముఖం బయటికొచ్చింది. కనుబొమలు దగ్గరికి ముడుచుకుని, బిగించిన దవడ. ప్రదర్శనకు వచ్చినవాళ్ళంతా దాని ముందే ఆగారు. ఒక పత్రికలో ‘మాటల్లేని వేదన’ అని రాశారు. ఆ ఏడు వలస పేపరులో నాకే మొదటి స్థానం.

చివరి రోజు ఆయన వచ్చారు, భార్య చెయ్యి పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ. మేమంతా గోడకు అతుక్కుపోయాం. ఆయన తన ముఖం ముందు చాలాసేపు నిలబడి, దగ్గరికి వంగి, ముక్కు పక్కన వేలితో తడిమారు.

“గాలి బుడగలు వదిలేశారేంటమ్మా? బల్లను తట్టలేదా పోసేటప్పుడు?” అని నా వైపు తిరిగారు.

“మర్చిపోయామండి.”

“కొంచెం మందు కలిపి తీసుకురా.”

తెచ్చిచ్చాను. వేలి కొసతో ఒక్కో బుడగా పూడ్చి, నున్నగా చేశారు. అంతసేపూ వాళ్ళావిడ ఆ బొమ్మను చూడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, “ఈయన పడుకుంటే నోరు తెరుచుకుని పడుకుంటాడు. ఇదెవరో నాకు తెలీదు” అంది.

దుమ్ము పనికి పనికిరారని ఆయన్ని వెనక గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చేపోయే బండ్ల నంబర్లు పుస్తకంలో రాసుకోవడం పని. మరుసటి ఏడాది తెల్ల బొమ్మల హాలు ఖాళీ చేయించారు. అవి దొరల కాలపు మోతబరువనీ, కొత్త చదువుకు అడ్డమనీ ప్రిన్సిపాల్ నోటీసులో రాశారు. మాటలు మేడమ్ ప్రదర్శనకు రాసిన వ్యాసంలోవే. ఆవిడ పరిగెత్తుకెళ్ళి, “నేను వాటి గురించి మాట్లాడుకోవాలన్నాను గానీ పారెయ్యమనలేదు” అని మొత్తుకున్నారు. వాళ్ళకు కావలసింది కంప్యూటర్ల గది. బొమ్మల్ని లారీకెత్తేటప్పుడు సగం విరిగాయి. లారీ వెనక గేటులోంచే పోయింది. పుస్తకంలో ఆయన రాత నేను చూశాను: లారీ నంబరు, టైము, ‘తెల్ల బొమ్మలు’. ఎన్ని అనే గడిలో ఏమీ రాయలేదు.

చదువైపోయాక కూడా నేను వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను. మందులు తెచ్చివ్వడం, ఆసుపత్రి చీటీలు చదివి చెప్పడం లాంటి పనులు. నేనెందుకు వస్తున్నానో వాళ్ళెప్పుడూ అడగలేదు. ఆ సంగతి జరిగిన మూడో ఏడు వర్షాల్లో ఆయన మంచం దిగలేని స్థితికి వచ్చారు. ఒక మధ్యాహ్నం వాళ్ళావిడ స్కూలుకు వెళ్ళింది, ఆయనా నేనే ఉన్నాం. ఇక దాచుకోలేక చెప్పేశాను.

“ఆ రోజు ఉప్పు ఎక్కువేశానండి.”

“తెలుసు. ఆ వేడికే తెలిసింది” అన్నారు. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నారు. “ఎంతేశావు?”

“గుప్పెడు.”

“త్వరగా అయిపోవాలని.”

“అవునండి.” ఇంకొకటి కూడా అడిగాను. “మీరు వేలెత్తి మళ్ళీ దించేశారు. ఎందుకు?”

“మేడమ్ చెప్తోంది కదా. మీరు రాసుకుంటున్నారు. మధ్యలో ఆపితే బాగుండదనిపించింది.” అప్పుడు నా వైపు చూశారు. “నేను ఎత్తింది నువ్వు చూశావా?”

“చూశాను.”

ఏమైనా అంటారని కూర్చున్నాను. తిడతారేమో, పోనీలే అంటారేమో అని. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను. గ్లాసు వెనక్కి ఇస్తూ, “ఇంక వెళ్ళు, వాన పెద్దదయ్యేలా ఉంది” అన్నారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులకు పోయారు. కాలేజీ నుంచి మేడమ్ ఒక్కరే వచ్చారు. ఒక మూల నిలబడి ఏడ్చారు. ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు.

మనిషి పోయాడు గనక రెండు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. గడువు పెంచమని నేను అర్జీ రాసిచ్చాను. జవాబు రాలేదు. సామాను ఎక్కించే రోజు వెళ్ళి మంచం ఒకవైపు పట్టుకున్నాను. గిన్నెల మూట, కుట్టుమిషను, రెండు పెట్టెలు. ఆటో ట్రాలీ అంతటితో నిండిపోయింది. వాళ్ళావిడ ముందు సీట్లో కూర్చుంది. కూతురు నన్ను పక్కకు పిలిచింది.

“మీరు చేసినదానికి థాంక్సండి. కానీ ఇంక మీరు రావద్దు. మా అమ్మ మీ ముందు ఏమీ అనదు. మీరొచ్చి వెళ్ళినప్పుడల్లా రెండు రోజులు అన్నం ముట్టదు.”

“ఆవిడకు తెలుసా?” అన్నాను.

“నాన్న ఆ రోజే చెప్పారు. మీరు వెళ్ళిపోయాక.”

కొత్త ఇంటి అడ్రసు నేను అడగలేదు, తను చెప్పలేదు. ట్రాలీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. వాళ్ళావిడ ఇంకా అదే స్కూల్లో పనిచేస్తోందని విన్నాను. ఆ వీధిలోంచి వెళ్ళాల్సిన పని పడితే, నేను వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్తాను.